కోసిన గొర్రె, చచ్చిన గొర్రె

ఆళ్లగడ్డ
1978 జూలై 9

షంషూ,

ఉత్తరం రాసి చాలా కాలమైందని తిట్టుకోకు. నంద్యాల నుంచి ఈ ఊరికి బదిలీ అయి వచ్చినప్పటి నుంచి నాకు బడి, ఇల్లు, పైగా మీ పౌలన్న మోసుకొచ్చే పశువుల కబుర్లు. డాక్టరు ఆనందరావు గారు క్యాంపులకు పోయినప్పుడల్లా పశువుల ఆసుపత్రిలో కాంపౌండరైన మా ఆయనే డాక్టరు. ఎద్దుకు కడుపుబ్బినా, బర్రె ఈనలేకపోయినా జనం మా తలుపే కొడతారు.

ఈసారి ఊరికే రాయడం లేదు. నువ్వు చదివి మీ ఆయన మదారన్నకు వినిపించాలి.

చాగలమర్రి అవతల ఒక పల్లెలో రాములమ్మ, ఎల్లప్ప అని గొర్రెలు కాచుకునే మొగుడూ పెళ్లాలున్నారు. వానలు పడ్డాక వాళ్ల మందలో గొర్రెలు నిలబడినవి నిలబడ్డట్టే కూలిపోవడం మొదలైంది. మీ పౌలన్న పోయి చూస్తే పొట్టలు ఉబ్బి, ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు కారుతోందట. ఎంతసేపైనా గడ్డకట్టని నెత్తురు. చెవి కొస నుంచి ఒక చుక్క గాజు పలక మీద తెచ్చి మైక్రోస్కోపులో చూశాడు. దొమ్మ రోగం. అది మనుషులకూ అంటుతుంది. కోసినవాడికీ తప్పదు, తిన్నవాడికీ తప్పదు.

"కొయ్యొద్దు, తోలు తియ్యొద్దు, గుంత తీసి సున్నమేసి పూడ్చండి" అన్నాడు. ఎల్లప్ప కాళ్లు పట్టుకున్నాడట. "సారూ, తోలన్నా తీసుకోనీ. మందంతా పాయ. ఇంగ మేమేం తినాల?" అని. ఈయన వాడి చేతిలో కత్తి లాక్కుని, దగ్గరుండి నిలువెత్తు గుంత తీయించి, పూడ్పించి వచ్చాడు.

మర్నాడు పోతే గుంత తెరిచి ఉంది. ఒక్క గొర్రె లేదు. లారీ చక్రాల జాడలున్నాయి. రాములమ్మ కుక్క తల పగిలి గుంత పక్కనే పడుంది. "లారీ వచ్చిండె సారూ. కొడవండ్లు పట్టుకోని దిగిరి. కుక్క మొరిగితే గొడ్డలి తిరగేసి కొట్టిరి. మేం గుడిసెలోంచి కదల్లే" అని ఆమె చెప్పింది. ఎల్లప్ప తల దించుకుని కుక్కను పక్కకు ఈడ్చాడు.

ఆ లారీ నంద్యాల వైపు పోయిందట. చచ్చిన గొర్రెల్ని అంత కష్టపడి ఎందుకు తవ్వుకుపోతారో కసాయి పెళ్లానివి, నీకు నేను చెప్పాలా? తెలిసినవాళ్లందరికీ చెప్పు, మదారన్న కొట్టులో తప్ప ఎక్కడా మాంసం కొనొద్దని.

నీ మరిది హుస్సేన్ పీరా ఎట్లా ఉన్నాడు? వాడికి కుందూలో ఈత నేర్పింది తనేనని మీ పౌలన్న ఇప్పటికీ గొప్పలు చెబుతాడు.

నీ
లూదియా


నంద్యాల
1978 జూలై 22

లూదీకి సలాం.

నీ ఉత్తరం వచ్చిన రోజే చదివి వినిపించాను. వింటున్నంతసేపూ ఆయన కత్తి నూరుతూనే ఉన్నాడు. అయిపోయాక "ఇంగోసారి సదువు" అన్నాడు.

మాకు ముందే అనుమానం ఉంది. సుబ్బరాయుడని ఒకడు, సారా వేలం పాటలు పాడి పైకొచ్చినవాడు, మార్కెట్లో కొత్తగా మాంసం కొట్టు పెట్టాడు. మా కంటే చవగ్గా ఇస్తాడు. ఎవరైనా సందేహపడితే గొర్రె తొడ తిప్పి నీలం ముద్ర చూపిస్తాడు. ఆ ముద్ర కబేళాలో వేస్తారు. గొర్రె బతికుండగా ఒకసారి, కోశాక ఒకసారి చూసి, బాగుంటేనే వేస్తారు. మావాళ్లు బిస్మిల్లా చెప్పి కోసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. మిగతా జనం ముద్ర చూస్తారు. ఇన్నేళ్లూ ఈ రెండింటి మీదే మా బతుకు నడిచింది. సుబ్బరాయుడి గొర్రెలు కబేళా గడప తొక్కినవి కావు. అచ్చం అలాంటి ముద్రే ఇత్తడితో పోయించుకున్నాడు.

పోయిన ఆదివారం నేను వద్దంటున్నా ఆయన వాడి కొట్టుకు పోయాడు. వేలాడుతున్న తొడను కత్తిమొనతో గుచ్చితే నల్లగా ఊరింది. కొనడానికి వచ్చినవాళ్ల వైపు తిరిగి అరిచాడు.

"ఇది కోసిన గొర్రె కాదప్పా. సచ్చినాంక కోసిండారు. బతికిందాన్ని కోస్తే నెత్తురు నేలన పోతాది, ఇట్లా సియ్యల్లో నిలబడదు. ముర్దార్ ఇది! పిల్లోళ్లకు పెట్టాకండి!"

"ముద్ర కనపల్లేదా నీకు?" అన్నాడు సుబ్బరాయుడు.

"ముద్ర కనపడతాంది. గొర్రెను యాడ కోసినావో అది సెప్పు."

ఆ మాటకు జవాబు తూకం రాయి. నోటి మీద కొట్టాడు. కిందపడ్డాక అతని మనుషులు పక్కటెముకల మీద తన్నారు. సంచులు పట్టుకున్న జనం కొంచెం దూరం జరిగి చూశారు. అందులో మా పాత బేరగాళ్లు ఎంతమందో. ఇంటికొచ్చి ఉమ్మితే రెండు పళ్లు పడ్డాయి. వాటిని కడిగి కిటికీలో పెట్టుకున్నాడు, ఎందుకో.

పోలీసులు రుజువేదని అడుగుతున్నారు. ఆ గొర్రెలు దొమ్మతో చచ్చాయని పౌలన్న ఒక కాగితం రాసిస్తే, డాక్టరు సంతకం పెడితే, దాన్ని పట్టుకుని ఎంత దూరమైనా పోతానంటున్నాడు ఈయన.

పీరా బాగున్నాడు. లారీ మీద క్లీనరు పని దొరికింది. నాలుగేళ్లప్పుడు తల్లి పోతే నా కొంగు పట్టుకుని ఏడ్చినవాడు ఇప్పుడు మీసం దువ్వుతున్నాడు.

నీ
షంషూ


ఆళ్లగడ్డ
1978 ఆగస్టు 13

షంషూ,

మదారన్న నోరు ఎట్లా ఉంది? అన్నం నమలగలుగుతున్నాడా?

ఇక్కడ రోగం పల్లె పల్లెకూ పాకుతోంది, ఆ లారీ తిరుగుతూనే ఉంది. ఎల్లప్ప పోయాడు. పూడ్చక ముందే ఒక గొర్రె తోలు చాటుగా ఒలుచుకున్నాడట. మోచేతి మీద పొక్కు లేచింది. నడుమ బొగ్గు ముక్కలా నల్లబడింది. చెయ్యి దిమ్మెలా వాచి, ఆ వాపు మెడకెక్కి, ఊపిరి ఆడక కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయాడు. ఈయన జీపు మాట్లాడి తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. శవాన్ని దింపుతుంటే రాములమ్మ ఏడవలేదు. "ఆ తోలు కూడా లారీ వోళ్లే తీస్కపోయిరి సారూ" అంది, అంతే.

అప్పుడు మీ పౌలన్న కాగితం రాశాడు. గొర్రెలు ఏ రోగంతో చచ్చాయి, గుంత ఎక్కడ తీశారు, ఎవరు తవ్వుకుపోయారు, లారీ ఏ రంగుది, ఎల్లప్ప ఎట్లా పోయాడు, అన్నీ. ఆనందరావు గారు గాజు పలక మళ్లీ చూసి సంతకం పెట్టారు.

రెండు రోజులు తిరక్కుండానే ఇద్దరు ఆసుపత్రికి వచ్చారు. ఒకడు తలుపు దగ్గరికి వేశాడు. ఇంకొకడు వేటకొడవలి బల్ల మీద పెట్టి, "కాంపౌండరూ, నువ్వు గొడ్లకు మందులియ్యి. కాగితాలియ్యాకు" అన్నాడు. ఈయన చేతిని బల్లకు అదిమిపట్టి, కాలుతున్న చుట్టను మణికట్టు మీద పెట్టి ఆర్పారు. వాళ్లు పోయాక కూడా చాలాసేపు చెయ్యి అక్కడే పెట్టుకుని కూర్చున్నాడట.

ఇంటికొచ్చాక నేను వెన్న రాస్తుంటే నా మొహం చూశాడు. వద్దంటానేమోనని. నేనేమన్నానో తెలుసా? "ఎల్లప్ప గుర్తుంటే కాగితం పంపు. లేదంటే నా ముందరే చించెయ్యి" అన్నాను. చించలేదు. బైబిలు కింద పెట్టాడు. పోస్టులో వెయ్యనని, తానే తెచ్చి ఇస్తానని అంటున్నాడు. ఎప్పుడు రావాలో మదారన్నను అడిగి రాయి.

లూదియా


నంద్యాల
1978 సెప్టెంబరు 3

లూదీ,

అక్షరాలు కుదరకపోతే కూడబలుక్కుని చదువు.

మా వీధి చివర వెంకటమ్మ తమ్ముడి పెళ్లి జరిగింది. విందుకు మాంసం సుబ్బరాయుడి కొట్టు నుంచి తెచ్చారు. ముద్ర చూసే తెచ్చారు. వంటవాళ్లు కోస్తూ కోస్తూ కార్జం నిప్పుల మీద కాల్చుకుని తిన్నారట. వెంకటమ్మ మొగుడూ వాళ్లతో కూర్చుని తిన్నాడు. అతనూ, ఇద్దరు వంటవాళ్లూ నెత్తురు కక్కుకుని పోయారు. ఇంకా ఎంతోమంది ఆసుపత్రిలో పడి ఉన్నారు.

శవాలు లేవకముందే మాట పుట్టింది. ఆ మాంసం మదారు సరఫరా చేసిందేనని. ఎవరు పుట్టించి ఉంటారో నీకు తెలుసు. మధ్యాహ్నానికి గుంపు మా కొట్టు మీద పడింది.

"ఈడుండాడు! ఈడే ఇచ్చినాడంట!"

"నేనియ్యలేదప్పా. ముర్దార్ అని ఆ పొద్దు అరిసి సెప్పింది నేనే గదా! దెబ్బలు తినింది నేనే గదా!"

"అది ముర్దార్ అని నీకెట్లా తెల్సురా? నువ్వు అమ్మింటేనే గదా తెలుస్తాది!"

లూదీ, ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలి? నిజం చెప్పిన పాపానికి ఆ నిజమే ఆయన మెడకు చుట్టుకుంది. వాళ్లంతా ఎవరనుకున్నావ్? ఆయన చేతి మాంసం ఏళ్లతరబడి తిన్నవాళ్లు. పురిటాలికి మెత్తటి ముక్క కావాలని, ముసలాయనకు కార్జం కావాలని వరస పెట్టి పిలిచినవాళ్లు. వెంకటమ్మ జుట్టు విరబోసుకుని వచ్చి, "ఏ చేత్తో మాకు పెట్టినావో ఆ చెయ్యి కొట్టండి!" అని కేకలేసింది.

నలుగురు ఆయన్ను మొద్దు దగ్గరికి ఈడ్చారు. రోజూ ఎముకలు కొట్టే మొద్దు. కత్తి కూడా ఆయనదే. నేను అడ్డం పడితే ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు. కుడిచెయ్యి, మణికట్టు దగ్గర. ఒక్క వేటుకు తెగలేదు. మూడు వేశారు. తర్వాత కొట్టుకు కిరసనాయిలు పోసి అంటించారు. ఆ మంటల వెలుతురులో నేను కొంగు చించి మణికట్టుకు బిగించి కట్టి, జట్కాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. ప్రాణం నిలిచింది. స్పృహ వచ్చినప్పుడల్లా "చెయ్యి యాడుండాది?" అని అడుగుతున్నాడు.

ఇప్పుడు కేసు ఆయన మీదే పెట్టేటట్టున్నారు. పౌలన్న వచ్చి ఆ కాగితం ఇచ్చి, తన నోటితో చెబితే తప్ప వేరే దారి లేదు. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను, పంపు. ఏ రోజు, ఏ బస్సుకు వస్తాడో రాయి. ఒంటరిగా నడవనివ్వం. దిగేచోటికి పీరాను పంపుతాను.

షంషూ


ఆళ్లగడ్డ
1978 సెప్టెంబరు 8

షంషూ,

నీ ఉత్తరం ఆయనే చదివాడు. చదివి బయటికి పోయి, మొహం కడుక్కుని వచ్చాడు. "ఆ కాగితం నేను అప్పుడే ఇచ్చింటే ఆయప్ప చెయ్యి ఉండేదే" అన్నాడు.

బేస్తవారం, 14వ తేదీ, మొదటి బస్సుకు వస్తాడు. పీరాను పంపు. మదారన్నకు ధైర్యం చెప్పు.

లూదియా


ఆళ్లగడ్డ
1978 సెప్టెంబరు 19

షంషున్నీసా గారికి,

మా ఆయన నంద్యాల చేరలేదన్న సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎట్లా చేరలేదో నేను రాస్తాను.

శిరివెళ్ల దాటాక వంక మలుపులో రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి బస్సు ఆపారు. వాళ్లు పైకి ఎక్కి ఈడ్చుకుపోయారనుకున్నాను. కాదట. కండక్టరు మా ఇంటికొచ్చి చెప్పాడు. "ఎవరూ గుంజలేదమ్మా. కిటికీలోంచి తొంగి సూసి, సారే లేసి, సంచి భుజానేసుకోని నవ్వుకుంటా దిగిండాడు. ఎవుర్నో పేరు పెట్టి పిలిసినాడు." ఏ పేరో ఇంజను చప్పుడులో వినపడలేదట.

దిగీదిగగానే మొదటి వేటు మెడ మీద పడింది. చేతులు అడ్డం పెట్టుకున్నందుకు చేతులు నరికారు. కాగితాన్ని సంచిలోంచి తీసి ఆయన పక్కనే తగలబెట్టారు. బస్సు నిండా జనం. ఎవరూ దిగలేదు. డ్రైవరు రాళ్ల పక్కనుంచి బస్సు పోనిచ్చుకున్నాడు.

నేనూ రాములమ్మా ఎద్దుల బండి కట్టించుకుని పోయి తెచ్చుకున్నాం. తల ఒక దుప్పట్లో, ఒళ్లు ఒక దుప్పట్లో. సమాధి చేసేముందు పాస్టరమ్మ హన్నమ్మ గారు సూదీ దారం తెచ్చి, నేను పట్టుకుంటే మెడకు కుట్టు వేసింది.

ఆ మలుపులో ఆయన్ను నవ్విస్తూ దింపగలిగినవాడు ఎవడు? ఏ బస్సుకు వస్తాడో నా ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదు. ఆ ఉత్తరం మీ ఇంటికే వచ్చింది. మీ ఇంట్లో దాన్ని ఎవరు విన్నారు?

దీనికి జవాబు తప్ప ఇంకొక్క మాట నాకు రాయొద్దు.

పౌలు భార్య
లూదియా


నంద్యాల
1978 అక్టోబరు 8

లూదియా,

నువ్వడిగినదానికి జవాబు హుస్సేన్ పీరా.

ఇంకొక్క మాట రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో వేసినా నాకు సమ్మతమే.

నీ ఉత్తరం నేను ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన చదివి వినిపిస్తుంటే, వాడు కింద కూర్చుని అన్నం తింటున్నాడు. బేస్తవారం అన్న మాట దగ్గర ముద్ద కిందపెట్టి లేచి పోయాడు. అన్న మీద దిగులనుకున్నాను. వాడు ఏ లారీ మీద పని చేస్తున్నాడో జూలైలో నీకు రాయలేదు. అది సుబ్బరాయుడి లారీ. నాకు తెలుసు. మీ గుంత తవ్వింది కూడా అదేనేమోనని భయం వేసింది. పని మానిపిస్తే సరిపోతుంది, మా ఇంటి పరువు బయట పడదు అనుకున్నాను. మానేశానన్నాడు. నమ్మాను.

పౌలన్న పోయిన తీరు రాసిన నీ ఉత్తరం అందిన రోజు వాణ్ని ఇంట్లో పట్టుకున్నాను.

"బేస్తవారం యాడికి పోయింటివిరా?"

వాడు గోడకేసి చూశాడు. చెంప మీద కొట్టాను. ఇంకోటి కొట్టాను. అప్పుడు చెప్పాడు.

"ఆ కాగితం పోలీసోళ్లకు సేరితే నన్నే ముందు పట్టుకుంటారు వదినా. గుంత తవ్వినోళ్లలో నేనుండా. తవ్వే పొద్దుకు అది దొమ్మ అని నాకు తెలీదు. ఏ బస్సుకు వస్తాడో సెప్పకపోతే నిన్ను సంపుతామన్న్యారు. నన్ను రోడ్డు మీద నిలబెట్టినారు. కాగితం గుంజుకోని కాళ్లిరగ్గొట్టి వదుల్తామన్న్యారు. సంపుతామన్లేదు."

"నిన్ను సూసి ఆయప్పేమన్న్యాడు?"

"'పీరా! నువ్వు ఈడికే వచ్చినావా? మదారన్న చెయ్యెట్లుందిరా?' అన్న్యాడు."

లూదియా, అది విన్నాక నేనేం చేశానో నాకు వరసగా గుర్తు లేదు. చేతికి దొరికిన కట్టెతో అది విరిగేదాకా కొట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గొర్ల దొడ్లో తోసి తాళం వేశాను. ఆసుపత్రికి పోయి ఆయనకు చెప్పాను. మొండిచేతిని ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు. తర్వాత "వాడు నా తమ్ముడే" అన్నాడు. "పౌలన్న మాత్రం ఎవరికీ ఏమీ కాడా?" అని, నేను నేరుగా స్టేషనుకు పోయాను.

పోలీసులు వచ్చేలోపల సుబ్బరాయుడి మనుషులకు తెలిసిపోయింది. పట్టపగలు ఇద్దరు వేటకొడవళ్లతో మా వాకిట్లోకి వచ్చారు. "పీరాగాన్ని బయటికి దోల్. నీ జోలికి రాము" అన్నారు. వాణ్ని చంపాలని నాకూ ఉంది. కానీ వాడు చచ్చిపోతే, ఆ మలుపులో ఎవరెవరున్నారో చెప్పే నోరు ఇంకొకటి ఎక్కడుంది? మొదటివాడు గడియ తియ్యడానికి తలుపు మీంచి చెయ్యి లోపలికి పెట్టాడు. ఆయన కత్తి నా దగ్గరుంది. కొట్టాను. వేళ్లు లోపలి వైపు పడ్డాయి. రెండోవాడు నాటుబాంబు విసిరాడు. వంటింటి గోడ కూలి నా మీద పడింది. ఎడమ చెవి పోయింది. ఇప్పటికీ దాంట్లో హోరు తప్ప ఏమీ వినపడదు. చప్పుడుకు వీధంతా బయటికొస్తే వాళ్లు పారిపోయారు.

పీరాను పోలీసులకు ప్రాణంతో అప్పగించాను. అందరి పేర్లూ చెప్పాడు. దొంగ ముద్ర సుబ్బరాయుడి గల్లాపెట్టెలోనే దొరికింది.

క్షమించమని అడగను.

షంషున్నీసా


ఆళ్లగడ్డ
1978 నవంబరు 20

షంషున్నీసాకు,

చదివాను. ఆయన పీరాతో అన్న మాట దగ్గర ఆపేసి, మిగతాది వారం తర్వాత చదివాను.

పంపించింది నేను. చించెయ్యమన్నా, పంపమన్నా నా మాటే. అది నాకు తెలుసు. అయినా నువ్వు జూలైలో ఆ లారీ ఎవరిదో ఒక్క ముక్క రాసి ఉంటే, ఆయన పీరాను చూసి బస్సు దిగేవాడు కాదు. ఇది కూడా నీకు తెలిసి ఉండాలి.

కోర్టులో వాడు మాట మారిస్తే మీ ఇంటి మనిషెవరూ నా గడప తొక్కొద్దు.

లూదియా


నంద్యాల
1979 జూన్ 17

లూదియా,

నువ్వు రాయలేదు. నేను రాస్తున్నాను. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

ఆయన మీద కేసు కొట్టేశారు. చెయ్యి నరికినవాళ్లు ఎవరో మాత్రం వీధిలో ఒక్కరికీ గుర్తు లేదట.

కాలిన కొట్టును మళ్లీ నిలబెట్టాం. ఎడమ చేత్తో ఆయన కత్తి పట్టుకుంటే గొర్రెకు హింస. మసీదు పెద్దను అడిగితే, ఆడది కోసినా చెల్లుతుంది, అల్లా పేరు చెప్పి కొయ్యాలి, అంతే అన్నాడు. పుట్టింట్లో చూసి నేర్చిన పనే. మొదలుపెట్టాను. మొదటి రోజు ఆయన మోకాలితో గొర్రెను అదిమి పట్టుకున్నాడు. నేను ఒక్క కోతకు కోశాను. కోశాక పక్కకు పోయి కక్కుకున్నాను.

ఒక్కరూ రాలేదు. మాంసం సాయంత్రానికి కుక్కలకు వేశాం. నాలుగో రోజు ఎవడో రాయి విసిరాడు, నుదురు చిట్లింది. "ముండమోపి కోసింది తింటామా, చెయ్యి నరికించుకున్నోడిది తింటామా" అని పోయేవాళ్లు వినపడేటట్టు అంటున్నారు. నా మొగుడు బతికే ఉన్నాడురా అని అరవబోతే ఆయన వద్దన్నాడు.

ముద్ర వేయించుకొస్తే ముద్ర మీద నమ్మకం పోయిందంటారు. బిస్మిల్లా చెప్పానంటే నువ్వు చెప్పినట్టు ఎవరు చూశారంటారు. అందుకని కబేళావాళ్లను బతిమాలి అనుమతి తెచ్చుకుని, గొర్రెను బజారుకే తోలుకొచ్చాను. కొట్టు ముందర నిలబెట్టాను. "ఇది నడుస్తాంది, సూడండి. మేస్తాంది, సూడండి. మీ ముందర్నే కోస్తా. నెత్తురు యాడ పోతాదో మీరే సూడండి" అన్నాను. చాలామంది గుమిగూడారు. నెత్తురు ధారగా చప్టా దాటి కాలవలోకి పోతుంటే ఒక ముసలాయన వంగి, వేలు ముంచి, గడ్డకట్టేదాకా చూసుకున్నాడు. తర్వాత పావుకిలో అడిగాడు.

అప్పటి నుంచి నెమ్మదిగా వస్తున్నారు. గొర్రె నడిచి రావడం చూడటానికి ముందే వచ్చి నిలబడతారు. వెంకటమ్మ కూడా ఒకరోజు ఎదురు అరుగు మీద వచ్చి కూర్చుంది. ఆయన మొండిచేతి వైపు చూస్తూ చాలాసేపు కూర్చుని, ఏమీ కొనకుండా లేచిపోయింది.

విచారణ కార్తీకంలో అంటున్నారు. పీరా మాట మార్చడు. జైలుకు పోయి వాడి కళ్లలోకి చూసి వచ్చాను.

షంషున్నీసా


ఆళ్లగడ్డ
1980 ఫిబ్రవరి 10

షంషూ,

తీర్పు రోజు నువ్వు కోర్టు మెట్ల మీద నన్ను చూసి లేచి నిలబడ్డావు. నేను ఆగలేదు. ఆగితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

పీరా అంతా చెప్పాడు. ఆ మలుపు, రాళ్లు, మొదటి వేటు ఎవరిది, రెండోది ఎవరిది. ఆయన అడిగిన మాట చెప్పేటప్పుడు వాడు ఏడిస్తే జడ్జి గారు నీళ్లిప్పించారు. నాకు ఒళ్లు మండింది. సుబ్బరాయుడి కొట్టులోనే మాంసం కొన్నామని వెంకటమ్మ బోనెక్కి చెప్పింది. మదారు చెయ్యి నరకమని అరిచింది తానేనని ఎవరూ అడక్కుండానే చెప్పి, అక్కడే తల బాదుకుంది. సుబ్బరాయుడికీ, ముగ్గురికీ యావజ్జీవం పడింది. నిజం చెప్పినందుకు పీరాకు మాఫీ ఇచ్చారు. చేతులకు బేడీలు లేకుండా నా ముందర నుంచే నడిచిపోయాడు. ఆ న్యాయం నాకు అర్థం కావడానికి ఈ జన్మ చాలదు.

అక్కడి నుంచి నేరుగా బస్టాండుకు పోవాలనుకున్నాను. కాళ్లు మార్కెట్టుకు పోయాయి. కోర్టు నుంచి నువ్వు నాకంటే ముందే చేరుకున్నావు, గొర్రెను తోలుకొస్తున్నావు. ఆడవాళ్ల మధ్య కొంగు నెత్తికి కప్పుకుని నిలబడ్డాను. నువ్వు దాని మెడ నిమిరి, అల్లా పేరు చెప్పుకుని కోశావు. కొయ్యడం నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు. చూడలేననుకున్నాను. కళ్లు మూసుకోలేదు.

నా వంతు వచ్చాక అరకిలో అడిగాను. నీకు వినపడలేదు. నీ కుడివైపుకు తిరిగి వచ్చి మళ్లీ అడిగాను. తలెత్తకుండానే, "ఎంతమందికి తల్లీ?" అన్నావు.

"ఒక్కదానికే."

నీ కత్తి ఆగింది. మదారన్న నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. నువ్వు మాత్రం తలెత్తలేదు. మెత్తటి చోటు వెతికి కోసి, తూచి, ఆకులో చుట్టి నా చేతిలో పెట్టావు. నీ చెయ్యి నా చేతి కింద కొంచెంసేపు అట్లాగే ఉంది. తలెత్తి ఉంటే నేను పారిపోయి ఉండేదాన్ని. నీకది తెలుసు.

శిరివెళ్ల దాటాక ఆ మలుపులో బస్సు నెమ్మదించింది. పొట్లాన్ని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి కూర వండాను. ఆయన పోయిన నాటి నుంచి నేను మాంసం ముట్టలేదు. ఎవరి చేతిదీ నమ్మబుద్ధి కాలేదు. పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్నాను. రాములమ్మ పక్కనే ఉంది. ఈమధ్య మా ఇంట్లోనే ఉంటోంది. "యాడిదమ్మా ఇది?" అని అడిగింది. చెప్పాను. తను కూడా పళ్లెం తెచ్చుకుని కూర్చుంది.

పీరాను మాత్రం నా కంట పడనియ్యకు. మదారన్నను అడిగానని చెప్పు.

తిన్నాను, షంషూ.

లూదీ